విట్నీ ప్లాంటేషన్, లూసియానా: నాన్నతో వెళ్ళొచ్చాం, వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం

చెరుకుతోట (హ్యూస్టన్)

అమ్మానాన్నలు అనకాపల్లి నుంచి వచ్చి రెండు నెలలైంది. లాంగ్ వీకెండ్ కదా అని అందరం న్యూ ఆర్లీన్స్ వెళ్ళాం. ఊరు తిరిగాక ఒక రోజు మిగిలింది. అక్కడ మిసిసిపీ నది వెంట రివర్ రోడ్ మీద పాత ప్లాంటేషన్ (పెద్ద తోటల) బంగళాలు చాలా ఉన్నాయి. కొన్నిటిని బాగుచేసి మ్యూజియంలుగా పెట్టారు. వాటిలో మేం విట్నీకి వెళ్ళాం. వాలస్ అనే చిన్న ఊళ్ళో ఉంది, న్యూ ఆర్లీన్స్ నుంచి కారులో గంట.

ముందే చెప్తున్నా, బంగళా కోసమే అయితే ఇక్కడికి వెళ్ళకండి. బంగళా ఉంది, బాగుంది కూడా. కానీ ఈ మ్యూజియం చెప్పేది అందులో ఉన్న దొరల కథ కాదు, వాళ్ళ చెరుకు తోటలో బానిసలుగా బతికినవాళ్ళ కథ. 2014 డిసెంబర్‌లో తెరిచారు.

టికెట్ తీసుకోగానే మెడలో వేసుకోవడానికి ఒక కార్డు ఇస్తారు. దాని మీద ఒక పిల్లవాడి బొమ్మ, పేరు, వాళ్ళ మాటలు నాలుగు ముక్కలు ఉంటాయి. 1930లలో అమెరికా ప్రభుత్వం రచయితలను ఊళ్ళకు పంపి, అప్పటికి బతికున్న మాజీ బానిసల జ్ఞాపకాలు రాయించింది. బానిసత్వం పోయింది 1865లో. అంటే ఆ జ్ఞాపకాలు చెప్పిన ముసలివాళ్ళలో చాలామంది బానిసత్వంలో చిన్నపిల్లలే. అందుకే ఆవరణలో ఉన్న పాత చర్చి లోపల పిల్లల బొమ్మలు పెట్టారు. వుడ్రో నాష్ అనే శిల్పి చేశాడు. నిలువెత్తు బొమ్మలు, బల్లల దగ్గర కొందరు నిలబడి, కొందరు కూర్చుని ఉంటారు. మా అమ్మ తన కార్డు మీద ఉన్న పిల్లవాణ్ణి వెతుక్కుని, దొరికాక వాడి పక్కనే చాలాసేపు కూర్చుంది.

అక్కణ్ణుంచి పేర్ల గోడకి వెళ్ళాం. ఈ ఒక్క తోటలో బానిసలుగా ఉన్న మూడొందల యాభై మందికి పైగా పేర్లు రాళ్ళ మీద చెక్కారు. ఇంటిపేరు ఉండదు. ఉత్త పేరు, తెలిసినంతలో ఎక్కణ్ణుంచి తెచ్చారు, ఏ పని చేసేవారు. అంతే.

నాన్న మాత్రం ఆరుబయట పెట్టిన ఇనప పెనాల దగ్గర ఆగిపోయాడు. మాకు ఊళ్ళో గానుగ ఉండేది. నాన్న ముప్పై ఏళ్ళు బెల్లం వండాడు. ఆ పెనం అంచు మీద చెయ్యి వేసి, లోపలికి వంగి చూసి, "ఒరే, ఇది మన పెనవే గదరా" అన్నాడు. ఇంకొన్ని చూశాక "ఇన్నెందుకు?" అని అడిగాడు. అక్కడ ఒకే పొయ్యి మీద నాలుగైదు పెనాలు వరసగా పెట్టేవారు. మొదటిది అన్నిటికంటే పెద్దది, చివరిది చిన్నది. రసం మరిగేకొద్దీ పెద్ద గరిటెలతో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తోడుతూ పోవాలి. చిన్న పెనానికి వచ్చేసరికి పాకం ముదురుతుంది.

నాన్న తన ముంజేతి మీద ఉన్న పాత మచ్చ చూపించాడు. పాకం చుక్క పడ్డ మచ్చ అది, మేం చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. "నేను నా పెనం ముందు నిలబడ్డాను. ఒళ్ళు బాగోకపోతే మానేసేవోణ్ణి" అన్నాడు. ఆ తర్వాత బంగళా దాకా ఏమీ మాట్లాడలేదు.

ఇంకా చాలా ఉంది, అడిగితే రాస్తాను. ఇంకెవరైనా వెళ్ళారా?

నీలవేణి (డాలస్)

చాలా బాగా రాశారు అన్నా. మేమూ వచ్చే నెల న్యూ ఆర్లీన్స్ వెళ్తున్నాం. మా పాపకి పదేళ్ళు, బాబుకి ఏడు. పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా? వాళ్ళకి రాత్రి నిద్ర పట్టనంతగా ఉంటుందేమో అని టెన్షన్. మావారు "సెలవులకి వెళ్ళి పిల్లలకి అవన్నీ ఎందుకు, ఓక్ అల్లీలో చెట్లు చూపించి వచ్చేద్దాం" అంటున్నారు.

చెరుకుతోట (హ్యూస్టన్)

తీసుకెళ్ళొచ్చు అక్కా. ఒక్క చోట మాత్రం ఆలోచించుకోండి. 1811 జనవరిలో ఈ నది ఒడ్డున బానిసలు తిరగబడ్డారు. చార్ల్స్ డెలాండ్ అనే ఆయన ముందు నడిచాడు. న్యూ ఆర్లీన్స్ మీదికి కదిలారు, రెండు మూడు రోజుల్లో అణిచేశారు. పట్టుకున్నవాళ్ళ తలలు నరికి నది గట్టు వెంట కర్రలకి గుచ్చారు. దానికి గుర్తుగా ఇక్కడ కర్రల మీద తలల బొమ్మలు పెట్టారు. అది మిగతావాటికి దూరంగా ఒక పక్కన ఉంటుంది, చూడాలనుకున్నవాళ్ళే వెళ్తారు. మా చెల్లెలి కొడుకుని (ఎనిమిదేళ్ళు) అటు తీసుకెళ్ళలేదు. మిగతా అంతా వాడు చూశాడు, బోలెడు ప్రశ్నలు వేశాడు.

అంటుమామిడి (నూజివీడు / అట్లాంటా)

నీలవేణి గారూ, ఓక్ అల్లీ కూడా ఉత్త చెట్లు కాదండీ. విట్నీకి దగ్గర్లోనే వాషరీలో ఉన్న ఇంకో ప్లాంటేషన్ అది. ఇంటి ముందు రెండు వరసల్లో 28 ఓక్ చెట్లు, పోస్టర్లలో చూసే ఉంటారు. ఆ ఇల్లు 1839కి కట్టడం అయింది. చెట్లు దానికంటే చాలా పాతవి.

నేను అక్కడికి వెళ్ళింది చెట్ల కోసమే. మాకు నూజివీడులో మామిడి నర్సరీ ఉంది, తాత కాలం నుంచీ అంటు కట్టడమే మా పని. అక్కడ బానిసల గుడిసెలు మళ్ళీ కట్టి పెట్టిన చోట ఆంట్వాన్ అనే ఆయన గురించి రాసి ఉంది. తోటమాలి, బానిస. 1840లలో పెకాన్ చెట్టుకి అంటు కట్టడం మొదట సాధించింది ఆయనే. అంతకు ముందు విత్తనం వేస్తే ఏ కాయ ఎలా వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. ఆయన మంచి చెట్టు నుంచి కొమ్మ తీసి అంటు కట్టాడు, చేత్తో నొక్కితే పగిలేంత పల్చని పెంకు కాయ వచ్చింది. తర్వాత 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఆ రకానికి బహుమతి వచ్చింది, సెంటెనియల్ అని పేరు పెట్టారు.

యజమాని చనిపోయాక 1848లో ఆస్తుల జాబితా రాశారు. అందులో కుర్చీలు, గుర్రాలతో పాటు ఆయన పేరూ ఉంది. ఆంట్వాన్, వయసు 38, పెకాన్ అంట్లు కట్టడంలో దిట్ట, విలువ వెయ్యి డాలర్లు. ఇంటిపేరు లేదు. అంటు కట్టేవాడి చెయ్యి ఎంత నిదానంగా ఉండాలో నాకు తెలుసు. కత్తి గాటు ఒక్క నూలు పోగంత తేడా వస్తే అతకదు. ఆ చేతికి కట్టిన ఖరీదు అది. నేను ఆ కాగితం ముందు నిలబడి మా తాతని తలుచుకున్నాను.

రెండూ చూడండి. కాకపోతే విట్నీ ముందు చూడండి, అప్పుడు ఓక్ అల్లీ వేరేగా కనిపిస్తుంది.

బాటన్ రూజ్ బాబాయి

ఇక్కడ పదిహేనేళ్ళుగా ఉంటున్నాను. వచ్చిన చుట్టాలందరినీ విట్నీ తీసుకెళ్తాను కాబట్టి నాలుగు ముక్కలు.

ఈ తోట 1752లో ఆంబ్రోస్ హైడెల్ అనే జర్మన్ వలసదారుది. మొదట చెరుకు కాదు, నీలి వేశారు. అవును, మన కడప వైపు తొట్లలో నానబెట్టి తీసిన అదే నీలిమందు. 1795లో న్యూ ఆర్లీన్స్ దగ్గర ఎత్యేన్ ద బోరే చెరుకు రసాన్ని పంచదార గింజ కట్టించి లాభం చూపించాక ఈ ఒడ్డు తోటలన్నీ చెరుక్కి మారాయి. హైడెల్ వంశం చివర అజేలీ అనే వితంతువు నడిపింది. 1860లో ఆమె చనిపోయేనాటికి ఆమె దగ్గర నూరుమందికి పైగా బానిసలు. అంతర్యుద్ధం అయ్యాక 1867లో దాన్ని కొన్న ఆయన, తన మనవడి ఇంటిపేరు మీద విట్నీ అని పెట్టాడు.

ఇంకో సంగతి చాలామంది గమనించకుండా వచ్చేస్తారు. ఆ ఇంట్లో ఆన్నా అనే బానిస అమ్మాయి ఉండేది. హైడెల్ కుటుంబంలోని ఒకాయనకి ఆమె వల్ల విక్టర్ అనే కొడుకు పుట్టాడు. ఆ విక్టర్ హైడెల్ సంతతిలోని అమ్మాయే సిబిల్ మోరియల్, న్యూ ఆర్లీన్స్ మొదటి నల్లజాతి మేయర్ భార్య. ఆయన 1978లో మేయర్ అయ్యాడు.

1990లో ఒక తైవాన్ రసాయనాల కంపెనీ ఇక్కడ రేయాన్ ఫ్యాక్టరీ పెట్టాలని ఈ భూమి కొన్నది. జనం అడ్డుకున్నారు, ఫ్యాక్టరీ రాలేదు. 1999లో జాన్ కమింగ్స్ అనే న్యూ ఆర్లీన్స్ లాయర్ కొన్నాడు. తెల్లాయన. కొన్నప్పుడు ఆయనకి ఈ చరిత్ర ఏమీ తెలియదు. ఫ్యాక్టరీవాళ్ళు భూమి మీద చేయించిన సర్వే రిపోర్టులు చదువుతూ చదువుతూ మారాడు. సెనెగల్ నుంచి ఇబ్రహీమా సెక్ అనే చరిత్రకారుడు వచ్చి పరిశోధన నడిపాడు. కమింగ్స్ సొంత డబ్బు ఎనభై లక్షల డాలర్లకు పైగా పెట్టాడు, 2019లో మొత్తం లాభాపేక్ష లేని సంస్థకి ఇచ్చేశాడు. 2021లో ఐడా తుఫానుకి బాగా దెబ్బతింది, కొన్ని నెలలు మూసేశారు. వెళ్ళేముందు వెబ్‌సైట్‌లో రోజులు, వేళలు చూసుకోండి. ఎండాకాలం అయితే పొద్దున్నే వెళ్ళండి. నీడ తక్కువ, తేమ చంపేస్తుంది. దోమల మందు మర్చిపోవద్దు.

పాతగోడ (హైదరాబాద్)

నేను పాత కట్టడాలు బాగుచేసే పనిలో ఉన్నాను. విట్నీకి ఒకసారి వెళ్ళాను, ఆ బంగళా గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తాను.

కింది అంతస్తు ఇటుక, పై అంతస్తు కర్ర. ఆ కర్ర చట్రం సందుల్లో నింపింది మట్టి, దాంట్లో స్పానిష్ మాస్ కలిపారు. అక్కడి చెట్ల కొమ్మలకి బూడిదరంగు గడ్డంలా వేలాడే నాచు అది. మన దగ్గర గోడ మట్టిలో వరిగడ్డి, ఊక తొక్కి కలుపుతాం కదా, అదే పని. నాచు పోగులు మట్టి ఎండినా పగలకుండా పట్టుకుంటాయి. నది పొంగితే నీళ్ళు కిందే ఉండాలని కాపురం పై అంతస్తులో. ముందూ వెనకా లోతైన వసారాలు, ఎండ గోడకి తగలదు. ఇల్లు దాదాపు 1790 నాటిది. గోడల మీద, పైకప్పుకీ పాత రంగుల చిత్రాలున్నాయి. వాటిని కొత్తగా గీసేయకుండా ఉన్నదాన్నే నిలబెట్టారు. ఆ పని చాలా ఓపికతో చేశారు.

ఒక అభ్యంతరం మాత్రం ఉంది. చర్చి నది అవతల పౌలీనా ఊరి నుంచి తెచ్చి పెట్టింది. గుడిసెల్లో కొన్ని వేరే తోటవి. ఇక్కడి అసలు గుడిసెలు ఇరవైకి పైగా ఉండేవి, 1970లలో చాలావరకు పడగొట్టేశారు. ఇనప జైలు గది 1868లో తయారైంది, అంటే బానిసత్వం రద్దయ్యాక. వేరే చోట్ల నుంచి తెచ్చినవన్నీ ఒక చోట పేర్చితే, చూసేవాళ్ళు అన్నీ ఇక్కడివే అనుకుంటారు. మా వృత్తిలో దీన్ని ఒప్పుకోవడం కష్టం.

బాటన్ రూజ్ బాబాయి

పాతగోడ గారూ, ఏది ఎక్కడిదో అక్కడ చెప్తారండీ, దాచలేదు. ఇంకో మాట. బంగళా ఇటుకతో, మంచి సైప్రస్ కర్రతో కట్టారు కాబట్టి నిలిచింది. గుడిసెల్ని ఎవరూ కాపాడలేదు కాబట్టి పోయాయి. ఉన్నచోట ఉన్నదే చూపించాలంటే ప్రతి తోటలోనూ దొర ఇల్లే మిగులుతుంది. అలాగే చేసి చాలాచోట్ల ఇన్నాళ్ళూ బంగళా, వెండి సామాను, పెళ్ళి ఫోటోలు చూపించారు.

చర్చి సంగతి కూడా చెప్తాను. దాని మొదటి పేరు ఆంటీ-యోక్. మన మాటలో కాడి వద్దు అని. విడుదలైనవాళ్ళు 1870 ప్రాంతంలో తమ చేతులతో కట్టుకున్నారు. తర్వాత ఆంటియోక్ అయింది. అక్కడి సంఘం కొత్త చర్చి కట్టుకుంటూ పాతదాన్ని మ్యూజియానికి ఇచ్చింది. ఇవ్వకపోతే పడగొట్టేవాళ్ళు.

పాతగోడ (హైదరాబాద్)

"కాడి వద్దు" అన్న పేరు నాకు తెలియదు. చర్చి విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. జైలు గది మీద నా అభ్యంతరం అలాగే ఉంది.

ఎవాపరేటర్ (తణుకు)

చెరుకుతోట గారి నాన్నగారి ప్రశ్న చదివి ఆగలేకపోయాను. నేను చక్కెర ఫ్యాక్టరీలో, చెరుకు రసాన్ని మరిగించి చిక్కబరిచే ఎవాపరేటర్ స్టేషన్‌లో ఇరవై ఆరేళ్ళు పనిచేసి రిటైర్ అయ్యాను.

ఆ వరస పెనాల పద్ధతిలో ఒక్కో పెనానికీ వేడి వృథా, పక్కన గరిటెలతో తోడే మనుషులకి ప్రాణ భయం. దాన్ని మార్చినవాడు ఆ న్యూ ఆర్లీన్స్‌లోనే 1806లో పుట్టాడు. నార్బర్ రిల్యూ. తండ్రి తెల్లాయన, తల్లి స్వేచ్ఛ పొందిన నల్లజాతి స్త్రీ. పారిస్‌లో చదివాడు. 1840లలో పేటెంట్లు తీసుకున్నాడు. మొదటి పాత్రలో రసం మరిగితే వచ్చే ఆవిరి ఊరికే పోకుండా రెండో పాత్రని వేడిచేస్తుంది, రెండోదాని ఆవిరి మూడోదాన్ని. గాలి ఒత్తిడి తగ్గించుకుంటూ పోతారు కాబట్టి తర్వాతి పాత్రల్లో తక్కువ వేడికే రసం మరుగుతుంది. మూసిన పాత్రలు, గొట్టాలు. గరిటె పట్టుకునే మనిషితో పనే లేదు.

మేం "క్వాడ్" అని పిలిచేది ఇదే, నాలుగు పాత్రల సెట్టు. ఈ రోజుకీ ప్రపంచంలో ఏ చక్కెర మిల్లుకి వెళ్ళినా ఆయన సూత్రమే నడుస్తోంది. నేను రోజూ ముట్టుకున్న యంత్రం వెనక ఈ మనిషి ఉన్నాడని రిటైర్ అయ్యాకే తెలిసింది. ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది.

ఇంకోటి. మన దగ్గర క్రషింగ్ సీజన్ నెలల తరబడి నిదానంగా నడుస్తుంది. లూసియానాలో మంచు పడుతుంది. మంచుకి గడ్డకట్టిన చెరుకు పాడైపోతుంది. అందుకని అక్టోబర్ నుంచి ఏడాది చివరిదాకా, మంచు ముంచుకొచ్చేలోపు అంతా నరికి ఆడించాలి. నరికిన చెరుకు ఆగదు, రసం పులుస్తుంది. కాబట్టి రాత్రీ పగలూ షిఫ్టులు. నేను షిఫ్టు చేశాను, మూడో రోజు నైట్ షిఫ్టుకి కళ్ళు ఎలా మూతపడతాయో తెలుసు. ఆ నిద్రమత్తులో మరిగే పాకం తోడటం ఊహించుకోలేను.

కోరంగి కుర్రాడు (మారిషస్)

కాకినాడ దగ్గరివాణ్ణి, ఉద్యోగం మీద మారిషస్‌లో ఉన్నాను. ఇక్కడి చెరుకు కథ మీ కథకి తర్వాతి భాగం లాంటిది.

బ్రిటిష్ వాళ్ళు 1830లలో బానిసత్వం రద్దు చేశాక ఈ తోటలకి కూలీలు కావాల్సి వచ్చి, 1834 నుంచి మన దేశం నుంచి ఒప్పందం మీద తెచ్చారు. వాళ్ళు దిగిన చోటు పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్, 2006లో యునెస్కో జాబితాలో చేరింది. మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కినవాళ్ళు చాలామంది, అందుకే ఇక్కడ తెలుగువాళ్ళని కోరంగీలు అన్నారు. ఈ దేశంలో ఉగాదికి ఇప్పుడు ప్రభుత్వ సెలవు.

మోకా అనే ఊళ్ళో యురేకా అని 1830లో కట్టిన పాత బంగళా ఉంది, మ్యూజియం చేశారు. చుట్టూ వసారా, ఎటు చూసినా తలుపులే, గాలి బాగా వస్తుంది. నేను ఇక్కడి తెలుగు స్నేహితుడితో వెళ్ళాను. వాళ్ళ తాత ముత్తాతలు నాలుగు తరాలు చెరుకు కొట్టారు. తెలుగు మాట్లాడటం రాదు గానీ రామభజన పాటలు మొత్తం నోటికొచ్చు. భోజనాల బల్ల, పింగాణీ అన్నీ చూశాడు. బయటికొచ్చాక వసారా మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ "మా వాళ్ళు ఈ మెట్లు ఎక్కి ఉండరు" అన్నాడు. తర్వాత మమ్మల్ని వాళ్ళింటికి తీసుకెళ్ళి, వాళ్ళ ముత్తాత వలస కాగితం నకలు చూపించాడు. అందులో ఒక నంబరు, ఒక పేరు, తండ్రి పేరు, ఊరు ఉన్నాయి. ఊరి పేరు ఎలా పలకాలో నన్ను అడిగాడు. ఇంగ్లీషు వాడు విన్నట్టు రాసిన స్పెల్లింగు. నాలుగైదు రకాలుగా పలికి చూశాం.

ఆ కూలీలకి కాగితం ఉంది, గడువు ఉంది, కష్టమైనా తిరిగొచ్చే దారి కొందరికైనా ఉంది. రెండూ ఒకటే అనను. కానీ విట్నీ గోడ మీద ఇంటిపేరు లేని పేర్లు అన్నప్పుడు నాకు ఆ కాగితం గుర్తొచ్చింది.

వర్జీనియా వాణి

మాంటిచెల్లో గురించి కొంచెం. అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ కొండ మీద కట్టుకున్న ఇల్లు. "మనుషులంతా సమానంగా పుట్టారు" అని రాసిన ఆయనకే జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా బానిసలున్నారు. మేం 2012లో మొదటిసారి వెళ్ళినప్పుడు ఇల్లే ఎక్కువ చూపించారు. 2018లో, ఆయన దగ్గర బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్ గది తెరిచారు. ఆమె బొమ్మ ఏదీ మిగల్లేదు కాబట్టి గోడ మీద నీడలా చూపిస్తారు. రెండోసారి వెళ్ళి ఆ గదిలో నిలబడ్డాక ఇల్లు మొత్తం మళ్ళీ మొదటి నుంచి చూడాలనిపించింది.

నాకు ఒక బాధ ఉంది, ఇక్కడే చెప్పుకుంటాను. కొన్నేళ్ళ క్రితం ఆఫీసు అమ్మాయి పెళ్ళి ఒక ప్లాంటేషన్ బంగళాలో జరిగింది, పేరు వద్దు. గుడిసెలున్న చోట పార్కింగ్ పెట్టారు. మాతో పనిచేసే నల్లజాతి స్నేహితురాలు కారు దిగకుండానే వెనక్కి వెళ్ళిపోయింది. నేను లోపలికి వెళ్ళి భోంచేసి వచ్చాను. ఎందుకు వెళ్ళిపోయిందో ఆ రోజు అడగలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

నీలవేణి (డాలస్)

వెళ్ళొచ్చాం. ఇన్ని రోజుల తర్వాత రాస్తున్నా, క్షమించండి.

బాబాయి గారు చెప్పినట్టు పొద్దున్నే వెళ్ళాం. మావారికి మొదట ఇష్టం లేదు, తీరా వెళ్ళాక పేర్ల గోడ దగ్గర నుంచి కదలనిది ఆయనే. 1811 తలల వైపు పిల్లల్ని తీసుకెళ్ళలేదు.

నేను తట్టుకోలేనిది వేరే. పసిపిల్లల తోట ఒకటి ఉంది. ఈ పారిష్‌లో (మన జిల్లా లాంటిది) మూడేళ్ళు నిండకుండా పోయిన బానిస పిల్లల పేర్లు రాళ్ళ మీద ఉన్నాయి, 2,200 మంది. చర్చి రికార్డుల నుంచి తీశారట. మధ్యలో ఒక నల్లజాతి దేవదూత విగ్రహం, మోకాళ్ళ మీద కూర్చుని చనిపోయిన బిడ్డని ఎత్తుకుని ఉంటుంది. మా పాప ఒక్కొక్క పేరు పైకి చదవడం మొదలుపెట్టింది. కొన్ని చోట్ల పిల్లకి పేరే లేదు, తల్లి పేరు మాత్రమే ఉంది. "అమ్మా, పేరు పెట్టకముందే పోయిందా?" అని అడిగింది. మన దగ్గర ఇరవై ఒకటో రోజు బారసాల చేస్తాం కదా. నా నోట మాట రాలేదు, తల ఊపాను.

బాబు మాత్రం పెద్ద గంట దగ్గర ఆగాడు. ఒకప్పుడు పనికి పిలవడానికి కొట్టేవాళ్ళు, ఇప్పుడు వాళ్ళని తలుచుకుని కొట్టొచ్చు. వాడు తన కార్డు మీద ఉన్న పేరు చెప్పి కొట్టాడు. ఎవరూ నేర్పలేదు. కార్డు ఇంటికి తెచ్చుకుని స్కూలు బ్యాగు జిప్పుకి కట్టుకున్నాడు.

ఓక్ అల్లీ కూడా వెళ్ళాం. ఆంట్వాన్ పేరు చూపించాను.

అంటుమామిడి (నూజివీడు / అట్లాంటా)

చూపించినందుకు థాంక్స్ అండీ. మా నాన్నకి చదివి వినిపించాను మీ పోస్టు.

చెరుకుతోట (హ్యూస్టన్)

నీలవేణి అక్కా, చదివి అమ్మ ఏడ్చింది. మాకు ఆ తోటలో నిలబడే ధైర్యం లేక త్వరగా వచ్చేశాం.

ఎవాపరేటర్ గారూ, మీ పోస్టు నాన్నకి రెండుసార్లు చదివాను. రిల్యూ పేరు కాగితం మీద తెలుగులో రాయించుకున్నాడు. నాన్న వచ్చే నెల ఊరెళ్తున్నాడు. మా వీధి చివర ఇంకా ఒక గానుగ నడుస్తోంది, సంక్రాంతి ముందు మొదలెడతారు. పెనాల ఫోటోలు పెద్దవిగా ప్రింటు తీయించమన్నాడు, గానుగ దగ్గర వాళ్ళకి చూపించాలట. వాల్‌గ్రీన్స్‌లో తీయించాను, ఆరు ఫోటోలు. ఒకదాంట్లో నాన్న చెయ్యి కూడా పడింది, పెనం అంచు మీద.